ముసలి మొక్కకు కొత్త వేర్లు

(బుగ్గారంలో జరిగిన పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది ఇళ్ళలో కుండీల్లో మందారమో, కరివేపాకో ఉంటుంది. నాలుగైదేళ్ళు బాగా పెరిగి, ఆ తర్వాత ఆకులు చిన్నబడతాయి, పూలు తగ్గుతాయి. పోసిన నీళ్ళు పోసినట్టే అడుగు నుంచి కారిపోతాయి. "ఇక దీని పని అయిపోయింది" అని పీకి పారేస్తాం. నిజానికి అయిపోయింది మొక్క కాదు, కుండీలో జాగా. వేర్లు గుండ్రంగా చుట్టుకొని మట్టికి చోటు లేకుండా చేస్తాయి.

నీటిని, పోషకాలను పీల్చేవి ముఖ్యంగా సన్నని పీచువేర్లు. లావు వేర్లు చెట్టును నిలబెట్టి, ఆ నీటిని పైకి చేరవేస్తాయి. వేరు కొన కత్తిరిస్తే కోతకు వెనుక నుంచి కొత్త పీచువేర్లు పుడతాయి. ఇదే ఇందులోని కిటుకు.

తొలకరి వానలు పడి ఎండ తగ్గాక ఈ పని చేయాలి. మే నెల ఎండల్లో వద్దు. ముందురోజు నీళ్ళు పోసి, మట్టిగడ్డతో సహా మొక్కను బయటకు తీయాలి. బరువెత్తే పని పిల్లలకు అప్పగించండి. పదునైన, శుభ్రమైన కత్తెరతో చుట్టుకున్న వేర్లను, కుళ్ళిన వేర్లను తీసేయాలి. మొత్తం మీద మూడో వంతుకు మించకూడదు. పీల్చే వేర్లు తగ్గాయి గనుక కొమ్మలను కూడా కొంత కత్తిరించాలి. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కొంచెం ఇసుక కలిపి నింపి, పది పదిహేను రోజులు నీడలో ఉంచాలి. నెల రోజులదాకా రసాయనిక ఎరువు వేయరాదు. బొప్పాయి వంటివి వేరు కదిలితే తట్టుకోలేవు. వాటి జోలికి పోవద్దు. తోటలోని మామిడి చెట్ల మొదళ్ళ దగ్గర వేర్లను కూడా నరకవద్దు.

పెద్ద చెట్ల మాటేమిటని అడగవచ్చు. మన పక్కనే సిరిసిల్ల జిల్లా కోనరావుపేట మండలం సుద్దాలలో సుమారు 70 ఏళ్ళ మర్రిచెట్టు వానలకు కూలిపోయింది. వేర్లు తెగి, ఎండిపోతున్న దానికి నీళ్ళు పోస్తే మళ్ళీ చిగురించింది. 2022 ఫిబ్రవరిలో దానిని క్రేన్లతో ఎత్తి, జిల్లెల్ల అటవీ ప్రాంతానికి తరలించి నాటారు. అంత చెట్టుకే ఆ శక్తి ఉన్నప్పుడు మన కుండీలోని మందారానికి ఉండదా?

కనుక పాత మొక్కను పారవేసే ముందు ఒక్కసారి దాని వేర్లు చూడండి. ఇన్నేళ్ళు పూలిచ్చిన దానికి మరో అవకాశం ఇవ్వాలన్న సంగతి మన వయసు వారికి వేరే చెప్పనక్కరలేదు.