పని ఇవ్వకుండా తౌబా అడగవచ్చునా?

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



జైలుకు పోయినవాడు శిక్ష ముగిశాక ఏదో ఒకనాడు తిరిగి వస్తాడు. వచ్చేది మన గల్లీకే, మన మసీదుకే. సఫ్‌లో పక్కన నిలబడనిస్తాం. దుకాణంలో పని అడిగితే మాత్రం "రేపు చూద్దాంలే" అంటాం. ఆ రేపు రానే రాదు. ఈ విషయం మీద నాలుగు మాటలు మనవి చేస్తాం.

మాల్కం ఎక్స్ పేరు మీలో చాలామంది వినే వుంటారు. 1925లో అమెరికాలో పుట్టిన నల్లజాతి మనిషి. ఎనిమిదో తరగతితో బడి మానేశారు. బోస్టన్‌లో ఇళ్ళ దొంగతనాలు చేసి, ఇరవై ఏళ్ళ వయసులో, 1946లో జైలు పాలయ్యారు. ఉత్తరం రాద్దామంటే మాటలు చాలలేదు. డిక్షనరీ ఒకటి తెప్పించుకుని మొదటి పేజీ నుంచి చూసి రాయటం మొదలుపెట్టారు. ఆ మొదటి పేజీకే ఒక రోజు పట్టిందట!

బళ్ళో పిల్లలకు మేము చెప్పే కథ ఇంతవరకే. మిగతా సగం పెద్దల కోసం వుంది.

మంచి లైబ్రరీ వున్న నార్ఫోక్ జైలుకు 1948లో ఆయనను మార్పించటానికి పాటుపడింది సవతి అక్క ఎల్లా. తోబుట్టువులు ఉత్తరాలు రాస్తూ వచ్చారు. 1952లో పెరోల్ మీద వదిలినప్పుడు అన్న విల్‌ఫ్రెడ్ డెట్రాయిట్ దగ్గర తన ఇంట్లో పెట్టుకుని, ఫర్నిచర్ దుకాణంలో పని ఇప్పించారు. తల దాచుకోను చోటు, చేసుకోను పని రెండూ అలా దొరికాయి. 1964లో హజ్ చేసి, తెల్లవాళ్ళందరూ దుష్టులే అన్న పాత మాటను కూడా వదులుకున్నారు. 1965 ఫిబ్రవరి 21న హత్యకు గురయ్యేనాటికి ఆయన వయసు 39 ఏళ్ళే.

"దొంగతనం చేసినవాణ్ణి గల్లాపెట్టె దగ్గర ఎట్లా కూర్చోబెడతాం సాబ్?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మొదటి రోజే తాళంచెవి ఇవ్వమని ఎవరూ అనటం లేదు. మూటలు మోసే పని ఇవ్వండి. ఒక పెద్దమనిషి జామీను వుండనీయండి. కూలి వారం వారం చేతిలో పెట్టండి.

తౌబా అంటే నోటి మాట కాదు గదా. ఒకరి సొత్తు తీసుకుంటే తిరిగి ఇవ్వాలి. ఇవ్వాలంటే సంపాదన వుండాలి. సంపాదన దారి మూసేసి "తౌబా చెయ్" అంటే వాడు ఎక్కడికి పోవాలి?

జైల్లో వున్నవారికి ఉచితంగా వకీలు సాయం పొందే హక్కు 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం ఇచ్చింది. ఆ దరఖాస్తు రాసిపెట్టటం మన సొసైటీ చేయగల పనే. వాళ్ళ పిల్లలకు ఫీజు, పుస్తకాలు చూడటం కూడా. తండ్రి చేసిన దానికి క్లాసులో తల వంచుకుని కూర్చునే పిల్లవాణ్ణి మేము చూస్తూనే వుంటాం. వాడు చేసిన నేరం ఏమిటి?

ఈ ఏడాది మన మొహల్లాకు తిరిగి వచ్చే ఒక్క మనిషికైనా పని చూపిద్దాం. అల్లా మనకు ఆ తౌఫీఖ్ ప్రసాదించుగాక.