ఎల్ల దాటి ఒక్క దినము : బాలబాలికలతో లుంబినీ యాత్ర

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



పొలిమేర యను మాట యెఱుగని కర్షకుడు లేడు. ఊరికిని ఊరికిని నడుమ ఒక రాయి. చేనికిని చేనికిని నడుమ ఒక గట్టు. రాయి కదలినచో తగవు, గట్టు తెగినచో వ్యాజ్యము. ఇంత చిన్న గుర్తునకే యింత పట్టుదల యున్నప్పుడు, దేశమునకును దేశమునకును నడుమనుండు ఎల్ల యెట్లుండునని పిల్లలడుగుట సహజము. బడిలోని పటమునందు వారు చూచునది ఒక గీత మాత్రమే. ఆ గీత నేలమీద ఎట్లుండునో బిడ్డలకు కన్నులార చూపుటకు భారతీయులకు సులభమైన తావు నేపాళపు సరిహద్దు. ఉదయమున దాటి సాయంకాలమునకు తిరిగి రాదగిన ఆ చిన్న ప్రయాణమును గూర్చియే యీ ప్రసంగము.

1950 జూలై 31వ తేదీన భారత నేపాళములు చేసికొన్న శాంతి మైత్రీ సంధి వలన ఉభయదేశముల ప్రజలకును రాకపోకల సౌలభ్యము కలిగినది. భారతీయుడు నేపాళమునకు పోవుటకు వీసా అక్కఱలేదు. కాశీయాత్రకు బిడ్డలతో పోయిన తెలుగు కుటుంబము, మఱి రెండు దినములు వెచ్చింపగలిగినచో, అచటినుండి రైలులో గోరఖ్‌పూరు చేరవచ్చును. గోరఖ్‌పూరునకు సుమారు 100 కిలోమీటర్ల దూరమున సోనౌలీ యను సరిహద్దు ఊరు గలదు. దాని కావలివైపున నేపాళపు బేలహియా. ఆ పిమ్మట భైరహవా పట్టణము. అచటికి పడమటగా శాక్యముని జన్మించిన లుంబిని. సరిహద్దునుండి లుంబినికి సుమారు పాతిక కిలోమీటర్లు. చీకటితోనే బయలుదేరినవారు దీపములు పెట్టు వేళకు మరల సోనౌలీకి రావచ్చును.

ఈ యెల్ల 1816లో అమలునకు వచ్చిన సుగౌలీ సంధి నాటినుండి రూపుదిద్దుకొన్నది. దాని పొడవున స్తంభములు నాటి, వాని నంటి కొంత నేలను సాగు చేయక, ఇండ్లు కట్టక విడిచిరి. ఆ బీడు పట్టీని అచటివారు 'దశగజా' యందురు. పది గజములని యర్థము. అదియును పలుచోట్ల ఆక్రమణకు గురియైనదని ఫిర్యాదులు గలవు. పొలిమేర తగవులు రాజ్యములకును తప్పవు కాబోలు! సోనౌలీలో నైతే ఎల్లకు గుర్తు రెండు ద్వారములు, వాని నడుమ బారులు తీరిన లారీలు, రిక్షాలు, మూటలు నెత్తిన పెట్టుకొని సాగు కూలీలు. మహాపర్వతమో మహానదియో అడ్డముండునని తలచిన పిల్లలకు తొలి పాఠ మిచటనే కలుగును: ఎల్ల యనునది మనుష్యులు కూర్చుండి ఒప్పుకొన్న మాట.

ఆ మాటకు ఎంత బలమున్నదో నాలుగడుగులు వేసిన తోడనే తెలియును. సోనౌలీలో తొమ్మిది గంటలైనచో బేలహియాలో తొమ్మిదింబావు. నేపాళపు గడియారము 1986నుండి భారత కాలమునకు 15 నిమిషములు ముందు నడచుచున్నది. భారతదేశపు 100 రూపాయలకు అచటి 160 రూపాయలను నిష్పత్తి 1993నుండి సాగుచున్నది. అచట వ్యవహారమునందున్నది విక్రమశకము. వైశాఖమున వారి నూతన సంవత్సరము వచ్చిన పిమ్మట అది క్రీస్తు శకమునకు 57 ఏండ్లు ముందుండును. తెలుగు పంచాంగములోని శాలివాహనశకమో 78 ఏండ్లు వెనుక. రెంటికిని అంతరమెంతయని అడిగినచో, లెక్కలన్న భయపడు బాలుడు సైతము నవ్వుచు 135 అని చెప్పును. జెండాయును నాలుగు మూలలది కాదు, రెండు త్రికోణముల కూర్పు.

ఇన్ని భేదములు చూచిన పిల్లవాడు, ఇరువైపుల సంతలోను వినవచ్చు భోజపురి మాట ఒక్కటే యగుట గమనించి ఆశ్చర్యపడును. ఆ ప్రాంతమున ఈవలి పిల్ల నావలికి, ఆవలి పిల్ల నీవలికి ఇచ్చుట పరంపరగా వచ్చుచున్నది. 'రోటీ బేటీ' సంబంధమని దానికి పేరు. కంచమును పొత్తే, మంచమును పొత్తే యన్నమాట. గడియారము వేఱైనంత మాత్రమున చుట్టఱికము వేఱు కాదని పిల్లలకు బోధింప పని లేదు, వారే కనిపెట్టుదురు.

ఇక పెద్దలు మఱవరాని సంగతి యొకటి. దారి తెఱచియున్నదని కాగితములు లేకయే బయలుదేరుట తగదు. తరచు ఎవరును ఆపకయే పోనిత్తురు. ఆపిననాడు మాత్రము చేత ఆధారము లేనివాడు బిడ్డలముందు తల వంచుకొనవలసి వచ్చును. పెద్దలయొద్ద ఓటరు గుర్తింపు కార్డుగాని పాస్‌పోర్టుగాని యుండవలెను. 15 ఏండ్లలోపు పిల్లలకు ఛాయాచిత్రము గల ఆధార్ వంటి గుర్తింపు పత్రము, 15కును 18కిని నడుమ వారికి పాఠశాల ప్రధానోపాధ్యాయుడు నిర్ణీత నమూనాలో ఇచ్చిన ధ్రువపత్రము చెల్లును. నిబంధనలు మాఱుచుండును గనుక ప్రయాణమునకు ముందు మఱల విచారించుకొనుట వివేకము. పరుల బిడ్డలను వెంట గొనిపోవువారు తల్లిదండ్రుల సంతకముతో అనుమతి పత్రమును గైకొనవలెను.

ఈ జాగ్రత్తకు బలమైన కారణము గలదు. పనులిప్పింతుమనియు, పెండ్లి చేయుదుమనియు మభ్యపెట్టి, బీదయిండ్ల ఆడపిల్లలను, పసివాండ్రను ఈ తెఱచిన దారినే దాటించి అమ్ముకొను దుర్మార్గులు గలరు. వారిని పట్టుటకై రక్షకభటులు, సేవాసంఘములవారు అచట కన్ను వేసి యుందురు. వారిలో నొకరు వచ్చి, "ఈ పాప మీకేమగును?" అని యడుగవచ్చును. పాపను వేఱుగా పిలిచి, "వీరెవరమ్మా? ఎచటికి పోవుచున్నారు?" అనియు నడుగవచ్చును. గౌరవస్థులను ఇట్లు ప్రశ్నింతురా యని పెద్దలు కోపించుట తగదు. ఆ ప్రశ్న ఈ పాపకొఱకు కాదు. నిజము చెప్పుటకు భయపడు మఱియొక పాపకొఱకు. అందఱి నడిగినగాని ఆ యొక్కతె దొరకదు. పిల్లలకు ముందుగానే తమ పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోను నంబరు నేర్పి, ఆ ప్రశ్న ఏల వచ్చునో వారి వయస్సునకు తగినట్లు విడమఱచి చెప్పినచో, జవాబిచ్చు పిల్ల బెదరదు. తానొక మంచిపనికి తోడ్పడితినని తెలిసికొనును.

లుంబినిలో నడక యెక్కువ. 1978లో జపాను శిల్పి కెంజో టాంగే సిద్ధపఱచిన ప్రణాళిక ప్రకారము ఆ వనము సుమారు మూడు మైళ్ళ పొడవు, ఒక మైలు వెడల్పు. మంచినీరు, నెత్తికి గుడ్డ వెంట నుండవలెను. నడివేసవిని, మంచు దట్టముగా కురియు పుష్యమాసపు దినములను విడుచుట మేలు. వనమున ఒక దేశపు ఎల్ల దాటివచ్చిన పిల్లలకు పలుదేశముల విహారములు వరుసగా కానవచ్చును: బర్మా, సింహళము, థాయి, చైనా, కొరియా, జర్మనీ. మాయాదేవి మందిరములో పాత ఇటుక కట్టడములు, జన్మస్థానమున కానవాలని చెప్పు శిల, వెలుపల పుష్కరిణి చూడదగినవి. ఆంధ్రదేశమున నాగార్జునకొండ శిల్పముల చూచిన బిడ్డలకు, కొమ్మ పట్టి నిలిచిన మాయాదేవి కొత్త కాదు.

మందిరము చెంతనే అశోకుని శిలాస్తంభము గలదు. 1896లో దీని శాసనము బయల్పడిన పిమ్మటనే ఈ స్థలము లుంబినియని పండితలోకమునకు రూఢియైనది. అక్షరములు బ్రాహ్మీలిపి. అందు 'క' కారము కూడిక గుర్తువలె నుండును. తెలుగు 'క'కును అదియే మూలపురుషుడు. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలపైనను ఇదే రాజు మాటలు ఇదే లిపిలో గలవు. చక్రవర్తి పట్టాభిషేకమైన ఇరువదియవ యేట తానే వచ్చి పూజించి, బుద్ధుడు పుట్టిన ఊరు గనుక ఆ గ్రామమునకు 'బలి' యను పన్ను తొలగించి, పంటలో ఎనిమిదవ భాగము మాత్రము నిర్ణయించెనని శాసన తాత్పర్యము. రాజునకు ఆఱవ భాగమని ధర్మశాస్త్ర ప్రసిద్ధి. శిస్తు బాధ యెఱిగిన గ్రామస్థులకు ఆ స్తంభము ఏల పూజ్యమయ్యెనో వేఱుగ చెప్పనక్కఱలేదు.

తిరుగు దారిలో పిల్లలకు చెప్పదగిన కథ యొకటి బౌద్ధగ్రంథములందున్నది. శాక్యులకును కోలియులకును నడుమ రోహిణీనది ఎల్లగా ప్రవహించుచుండెను. ఒక యేడు నీరు తగ్గి, మడువల దగ్గఱ కూలీల మాటలు ముదిరి, రెండు కులముల వీరులు ఆయుధములతో గట్టున నిలిచిరి. బుద్ధుడు నడుమకు వచ్చి, నీటి వెల యెంత, మనుష్యుల ప్రాణముల వెల యెంతయని వారినే అడిగెనట. వారు సిగ్గుపడి మరలిరి. కాలువ నీటికి కఱ్ఱలెత్తిన సంగతులు ఏ యూర లేవు! నది నటులే యుంచి, ఎల్లను చెఱపకయే, ఆయన తగవును చెఱపెను.

సాయంకాలమున సోనౌలీకి వచ్చిన పిల్లలు గడియారమును 15 నిమిషములు వెనుకకు త్రిప్పుకొందురు. ఆ పావుగంట వారికి జీవితాంతము జ్ఞాపకముండును. ప్రయాణమునకు పూర్వము బుద్ధ చరిత్రమును, అశోకుని కథను, ఒక మంచి పటమును ఇట్టి గ్రంథాలయమున చదివించి గొనిపోయినచో వారు చూచునది పదింతలగును. పోలేని పిల్లలకు ఆ పుస్తకములే వాహనములు. ఎల్లను గౌరవించుట, ఎల్ల కావలివానిని ప్రేమించుట, ఈ రెండును ఒకేనాట నేర్పదగు ప్రయాణము లరుదు. అట్టి భాగ్యము ఈ గ్రామపు బిడ్డలకు కలుగుగాక!