పిడుగుపాటు తలనొప్పి: గడియారం చూడవలసిన వేళ

(రాయదుర్గంలో యాత్రికుల కోసం జరిగిన ఆరోగ్య సదస్సులో ఒక వైద్యులు చేసిన ప్రసంగ పాఠం)



దశభుజ గణపతిని దర్శించి, ప్రసన్న వేంకటరమణస్వామికి మొక్కులు చెల్లించి వచ్చిన మీతో నాలుగు మాటలు చెప్పుకునే అవకాశం కలగడం నా భాగ్యం. తలనొప్పి ఎరుగని మనిషి లేడు. అందుకే దానిని మనం లెక్కచేయము. చాలా తలనొప్పులకు ఆ ధోరణి చెల్లుతుంది. ఒక్కదానికి మాత్రం చెల్లదు.

కొన్నేళ్ల క్రితం ఒక తల్లి ఉత్సవానికి వచ్చి, దర్శనం వరుసలో నిలబడి ఉండగా, తల వెనుక ఎవరో దుడ్డుకర్రతో కొట్టినట్లయి కూలబడింది. వాంతి అయింది. ఎండదెబ్బ అన్నారు, ఉపవాసం అన్నారు. దిష్టి తీశారు, మాత్ర వేశారు. సాయంత్రానికి నొప్పి కొంత తగ్గితే అందరూ ఊరట చెందారు. మూడవనాడు స్పృహలేని స్థితిలో ఆమెను నేను చూశాను. మెదడు చుట్టూ రెండవసారి రక్తస్రావం జరిగింది. ఆమె దక్కలేదు. ఆ ఇంటివారి ప్రేమలో లోటు లేదు. నొప్పి ఎలా మొదలైందన్న దానికి ఉన్న విలువ వారికి తెలియదు, అంతే.

మన ఊరిలో జీన్స్ కుట్టే కార్మికులకు సాయంత్రానికి తల పట్టేసినట్లుండే నొప్పి మెల్లగా పెరుగుతుంది. పార్శ్వపు నొప్పి సాధారణంగా కొంతసేపు ముదిరి గాని తీవ్రం కాదు. పిడుగుపాటు తలనొప్పి అలా కాదు. ఒక్క నిమిషంలోపే భరించరాని స్థాయికి చేరుతుంది. ‘జీవితంలో ఇంత నొప్పి ఎన్నడూ ఎరుగను’ అని రోగి అంటే ఆ మాటను నమ్మండి.

దీనికి కారణాలు పలు రకాలు. అన్నిటికంటే భయపడవలసినది మెదడు పైపొరల నడుమ రక్తస్రావం. ధమని గోడ ఒకచోట బలహీనపడి బుడగలా ఉబ్బి, ఒకనాడు పగులుతుంది. అధిక రక్తపోటు, పొగతాగడం దీనికి దోహదం చేస్తాయి. కొన్ని కుటుంబాలలో వంశపారంపర్యంగానూ ఉంటుంది. మెడలోని ధమని లోపలి పొర చీలడం, మెదడు రక్తనాళాలు హఠాత్తుగా ముడుచుకుపోవడం, రక్తపోటు విపరీతంగా పెరగడం కూడా కారణాలే. 1945 ఏప్రిల్ 12న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ తల వెనుక తీవ్రమైన నొప్పి అంటూ ఒరిగిపోయి, కొద్ది గంటలలోనే మెదడులో రక్తస్రావంతో మరణించారు. రక్తపోటును అదుపు చేసే మంచి మందులు ఆనాడు అంతటి అధ్యక్షునికీ లేవు. నేడు అవి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే దొరుకుతున్నాయి.

మరొక కారణం మన కరవు సీమ ప్రత్యేకంగా గుర్తించవలసినది: మెదడు సిరలలో రక్తం గడ్డకట్టడం. ఈ నొప్పి కొన్నిసార్లు పిడుగులా, ఎక్కువగా రోజుల తరబడి పెరుగుతూ వస్తుంది. హైదరాబాదు నిమ్స్ వైద్యులు ఇటువంటి రోగులు 428 మంది వివరాలను 2012లో ప్రచురించారు. వారిలో తలనొప్పే ప్రధాన లక్షణం. సగానికి పైగా పురుషులే. రక్తహీనత, మద్యపానం, గర్భనిరోధక మాత్రలు, కాన్పు అనంతర స్థితి అందులో కనిపించిన కారణాలు. ఒంట్లో నీరు తగ్గితే రక్తం చిక్కబడుతుంది. కనుక పథ్యం పేరుతో బాలింతకు మంచినీళ్లు తగ్గించే ఆచారాన్ని పెద్దలు దయతో విడిచిపెట్టాలి.

ఇక నిర్ధారణ. మొదటి పరీక్ష తలకు సీటీ స్కాన్. నొప్పి మొదలైన ఆరు గంటలలోపు తీస్తే రక్తస్రావం దాదాపు తప్పక కనిపిస్తుంది; కాలం గడిచేకొద్దీ ఆ జాడ చెదిరిపోతుంది. అప్పుడు వెన్ను నుండి నీరు తీసి పరీక్షిస్తారు. దానికి భయపడి నిరాకరించవద్దు. ఉబ్బిన చోటును యాంజియోగ్రామ్ చూపుతుంది. సిరలలో గడ్డ సాధారణ సీటీలో కనిపించకపోవచ్చు, వీనోగ్రామ్ అవసరమవుతుంది. మనకు బళ్ళారి సుమారు 50 కిలోమీటర్లు, అనంతపురం దాదాపు 100. ఆరు గంటలలో ప్రయాణానికి పోయే భాగం మీరే లెక్కవేసుకోండి.

అందుచేత అటువంటి నొప్పి రాగానే గడియారం చూసి సమయం గుర్తుపెట్టుకోండి. 108కి ఫోన్ చేయండి. ఆస్పిరిన్ వంటి మాత్రలు ఇవ్వకండి. మగతగా ఉన్నవారి నోట్లో నీళ్లు, తీర్థం పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మెడ బిగుసుకోవడం, చూపు రెండుగా కనబడడం, మాట తడబడడం, మూర్ఛ, జ్వరం ఉంటే వైద్యునికి చెప్పండి. నొప్పి తగ్గినా ప్రయాణం మానకండి. ఆ తల్లి విషయంలో మనవారు మోసపోయింది అక్కడే.

దాతలకు ఒక విన్నపం. అన్నదానంతో పాటు కొండదారిలో చలివేంద్రం, సత్రంలో రక్తపోటు చూసే పరికరం, గోడపై పెద్ద అక్షరాలతో 108 అంకె ఏర్పాటు చేస్తే అదీ స్వామి కైంకర్యమే. ప్రార్థన మానమని నేను అనను. అంబులెన్సులో కూర్చుని చేసినా భగవంతుడు వింటాడు.

శుభం భూయాత్.