గడియకుడుక - హృదయస్పందము



నా యెడమ రొమ్మున, చర్మము క్రింద, సున్నపుడబ్బీయంత యంత్రమొకటి యున్నది. నాలుగేండ్ల క్రిందట హృదయగతి మందగించి నేను రెండుమారులు తెలివితప్పి పడగా, వైద్యులు దానిని అమర్చిరి. దానిని పేస్‌మేకర్ అందురు. ఇటీవల మా గ్రామమునకు వచ్చిన యొకడు, "పంతులుగారూ, మూలకణములు ఎక్కించుకొన్నచో ఈ యంత్రముతో పనిలేదు. రెండెకరములు అమ్మిన చాలును" అని నాతో పలికెను. ఆ మాటలో సత్యమెంతయో విచారించి తెలిసికొన్నదానిని నేడు మీకు విన్నవించుచున్నాను.

మన పూర్వులు కాలమును కొలుచుటకు గడియకుడుకను వాడిరి. అడుగున సన్నని రంధ్రముగల రాగిగిన్నెను నీటిపై విడుతురు. నీరు మెల్లమెల్లగా లోనికి ఊరి, గిన్నె నిండి, మునుగును. అది 24 నిమిషముల గడియ. నీరొలికించి దానిని మరల తేలవిడుతురు.

హృదయమునందును ఇట్టి కుడుకలే యున్నవి. కుడివైపు పైగదిలో, పెద్దసిర వచ్చి కలియుచోట, గతికి మూలమైన చిన్న కణసమూహము గలదు. దానిని 1907లో ఇంగ్లండున కీత్, ఫ్లాక్ అనువారు కనుగొనిరి. ఆ కణములపొరలో సూక్ష్మద్వారములు గలవు. కణము విశ్రమింపగానే అవి తెరచుకొని, విద్యుదావేశముగల సోడియపు కణికలను మెల్లగా లోనికి విడుచును. ఒక మేరకు చేరగానే కాల్సియము చొరబడును. అదియే స్పందమునకు ప్రేరణ. పిదప పొటాసియము వెలికిపోయి కణమును తొలిస్థితికి దెచ్చును. ఈ కుడుకను ఎత్తుటకు మనుష్యుడు అక్కరలేదు. నిమిషమునకు 72 మారులైనచో, అహోరాత్రమునకు లక్షకు పైగా స్పందములగును. ఇతరద్వారములు కణము ఉద్రేకించినపుడు తెరచుకొనగా, ఇది విశ్రాంతివేళ తెరచుకొనును. అందుచే 1979లో ఆక్స్‌ఫర్డున దీనిని పరిశోధించిన డిఫ్రాంచెస్కో మున్నగువారు దీనిని "వింత ప్రవాహము" అనిరి. ఈ ప్రవాహమొక్కటియే కాదు, కణములోపలి కాల్సియపు నిలువయు గతికి తోడ్పడును.

ఇక మూలకణముల మాట. ఇవి ఏ యవయవపు కణములుగనైనను మారగలవు. వీనిని 1998లో అమెరికాలో థామ్సన్ మానవపిండము నుండియు, 2007లో జపానులో యమనాక చర్మకణముల నుండియు సాధించిరి. 2001లో ఇజ్రాయేలునందలి హైఫా నగరమున మూలకణములను హృదయకణములుగా పెంచగా, అవి గాజుపళ్లెములో, శరీరము లేకయే, తమంతట తామే కొట్టుకొనసాగినవి! పెద్దవారి గుండెకండరపు కణములు అట్లు చేయవు; పొరుగుకణము ప్రేరేపించువరకు నిశ్చలముగ నుండును. పళ్లెములోని కణములు పసివి. వానికి కుడుకరంధ్రము ఇంకను పూడలేదు.

ఈ గుణము ఆశాజనకమే. 2004లో హైఫావారు ఇట్టి కణములను, గతి మందగించిన పందిగుండెలో నాటి, స్పందింపజేసిరి. 2017లో కెనడాలోని టొరాంటోవారు గతిమూలకణములనే ప్రత్యేకముగ పెంచి ఎలుకగుండెలో పరీక్షించిరి. కాని మరియొక ప్రక్క చూడుడు. 2014లో సియాటిల్ నగరమున, దెబ్బతిన్న కోతిగుండెలకు పెంచిన కణములతో అతుకువేయగా, కండరమైతే పెరిగెను. గతి మాత్రము తప్పెను. 2023లో ఆ నగరమువారే మూడు జన్యువులను తొలగించి, ఒకదానిని పెంచి, పందులలో ఆ దోషమును అణచిరి. తొలగించిన మూడింటిలో నొకటి వింత ప్రవాహపు ద్వారమునకు చెందినదే! ఆజ్ఞ యిచ్చుచోట గుణమైనది, ఆజ్ఞ పాటించుచోట దోషమైనది.

కావున ఇది ఇంకను ప్రయోగశాలలోని విద్యయే. పేస్‌మేకరునకు బదులు నిలువగల కణచికిత్స నేటికిని సిద్ధము కాలేదు. మన దేశమున 2017లో భారత వైద్య పరిశోధన మండలి ప్రకటించిన నియమములును, కొన్ని రక్తవ్యాధులకు తప్ప, అనుమతి పొందిన ప్రయోగములకు వెలుపల మూలకణచికిత్సను అంగీకరింపవు. ఎవడైన వచ్చి మీ పొలము అమ్ముమన్నచో, "ఇది ఏ ప్రయోగము? ఎవరి యనుమతి?" అని యడుగుడు. నేను అడిగితిని. అతడు మరల రాలేదు.

మా మనుమల కాలమునకు ఈ విద్య పండునేమో! అందాక నా యంత్రము నాకు చాలును; రెండెకరములు వారికుండును.