సైకిల్ చక్రమే కొలబద్ద
(ఉప్పునుంతలలో విద్యార్థులతో మాట్లాడిన మాటలు)



తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఇయ్యాల బడికి ఎట్ల వచ్చిండ్రు? నడిచా, సైకిల్ మీదనా, ఆటోలోనా, బస్సులోనా? సైన్సు గురించి మాట్లాడుమంటే నేను ఈ ప్రశ్నతోనే మొదలుపెడతా.

డిగ్రీ చదివే రోజుల్లో ఒకసారి బండి దొరకక ఫిజిక్స్ ప్రాక్టికల్‌కు లేటయిన. లోపలికి రానియ్యలేదు. వేగం, దూరం, కాలం గురించి ఆ రోజు రోడ్డు మీద నిలబడి నేను నేర్చుకున్నదే ఎక్కువ. కానీ దానికి మార్కులు లేవు.

సైన్సును బండెక్కించి పిల్లల దగ్గరికి పంపిన మంచి ప్రయత్నాలు మన దేశంలో జరిగినయి. 2007 అక్టోబరు 30న ఢిల్లీలో సైన్స్ ఎక్స్‌ప్రెస్ మొదలైంది. రైలు పెట్టెలనే ప్రదర్శనశాలగా మార్చి 2017 దాకా దేశమంతా తిప్పిండ్రు. కానీ రైలు పట్టాల మీదనే పోతది. మన ఉప్పునుంతలకు, అచ్చంపేటకు పట్టాలే లేవు. కుప్పంలో క్యాంపస్ ఉన్న అగస్త్య ఫౌండేషన్ ప్రయోగ సామాన్లను వ్యాన్లలో, మోటార్ సైకిళ్ల మీద కూడా బడులకు తీసుకుపోతది. వ్యాన్ పోలేని చోటికి బైక్ పోతది. నల్లమల లోపలి చెంచు పెంటలకు కావాల్సింది ఇసొంటి ఆలోచనే.

అయితే బండి ఒక రోజు వచ్చి పోతది. పోయినంక మన దగ్గర ఏం మిగలాలె? ఫొటోలు కాదు, కొలిచే అలవాటు మిగలాలె. దానికి బండి వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు.

సైకిల్ టైరు మీద సుద్దతో ఒక గీత పెట్టండి. చక్రం ఒక్క చుట్టు తిరిగితే ఎంత దూరం పోతదో టేపుతో కొలవండి. పెద్ద సైకిల్‌కు సుమారు 2 మీటర్లు వస్తది. ఇగ చుట్లు లెక్కపెట్టుకుంట పోతే మీ ఇంటి నుంచి బడికి ఎంత దూరమో మీకే తెలుస్తది.

అదే చక్రంతో రోడ్డు పక్కన 100 మీటర్లు కొలిచి రెండు గుర్తులు పెట్టండి. సారును వెంటబెట్టుకొని, రోడ్డుకు దూరంగా నిలబడి ఫోన్‌లో టైమ్ చూడండి. ఆ దూరం 12 సెకన్లలో దాటిన బండి వేగం గంటకు 30 కిలోమీటర్లు. 6 సెకన్లలో దాటితే 60.

ఇప్పుడు అసలు సంగతి. డ్రైవర్ చూసి బ్రేక్ వెయ్యడానికి ఒక సెకను పట్టిందనుకుందాం. పొడి రోడ్డు మీద బ్రేక్ వేస్తే, 30లో పోయే కారు సుమారు 15 మీటర్లలో ఆగుతది. 60లో పోయేది సుమారు 44 మీటర్లు పోయి ఆగుతది. వేగం రెట్టింపయితే, బ్రేక్ పడ్డంక జారే దూరం నాలుగింతలైతది. 20 మీటర్ల దూరంల పిల్లగాడు రోడ్డు దాటుతుంటే? ఈ లెక్క పరీక్ష కోసం కాదు, పానం కోసం.

కొలత హక్కును కూడా చూపిస్తది. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. దాని కింద కేంద్రం పెట్టిన నియమాల ప్రకారం 5వ తరగతి దాకా బడి 1 కిలోమీటరు లోపు, 6 నుంచి 8 దాకా 3 కిలోమీటర్ల లోపు ఉండాలె. దగ్గర్లో బడి లేని చిన్న ఆవాసాల పిల్లలకు ఉచిత రవాణా, వసతి లాంటి ఏర్పాట్లు చెయ్యాలె. 2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ పైసలు లేవు. మంచిదే. కానీ బస్సే రాని ఊర్లో జీరో టికెట్ ఎవరు కొడతరు?

అందుకే మీకొక పని చెప్తున్న. నెల రోజులు నోటుబుక్కుల రాయండి: బడి ఎంత దూరం, బస్సు ఎన్ని గంటలకు రావాలె, ఎన్ని గంటలకు వచ్చింది, ఆ రోజు ఎవరెవరు బడికి రాలేకపోయిండ్రు. "మా ఊరికి బస్సు లేదు సార్" అంటే "చూస్తం" అంటరు. 30 రోజుల లెక్క చేతిల పెడితే ఆ మాట అనుడు కష్టం. ఆ కాగితం పట్టుకొని కలెక్టరేట్‌కైనా, మన్ననూర్ ఐటీడీఏకైనా మీతో పాటు నేనొస్త.

సైన్సు బండి మా పెంటకు రావాలె, ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ రావాలె అని అడుగుదాం. దాన్ని నడిపేటోళ్లలో, అందులో పాఠం చెప్పేటోళ్లలో మన పిల్లలు ఉండాలె అని కూడా అడుగుదాం. అది వచ్చేలోపు మన సైకిల్ ఉంది, సుద్దముక్క ఉంది. రేపటి నుంచే మొదలుపెట్టండి.

జై ఆదివాసీ!