జగడము జరుగుచోట మనమెక్కడ నిలిచితిమి?



ఈ శతవత్సర ఉత్సవములలో మన పితరుల సేవను తలంచుకొని ఆనందించుచున్నాము. అది తగినదే. అయితే ఈ సాయంకాలము మాకు సిగ్గు కలిగించిన సంగతి ఒకటి మీ యెదుట ఒప్పుకొనగోరుచున్నాము.

ఒక ఆదివారము ఆరాధన ముగించుకొని బస్టాండుకు వచ్చితిమి. పర్సు దొంగిలించెనని నలుగురు మనుష్యులు ఒక బాలుని పట్టుకొని కొట్టుచున్నారు. మేము అయిదారుగురము, చేతులలో బైబిళ్లు, పాటల పుస్తకములు. "మనకెందుకీ గొడవ" అని ఒకరము, "నిజముగా దొంగేమో" అని మరియొకరము అనుకొంటిమి. కొందరు సెల్‌ఫోనులలో చిత్రము తీయుచుండిరి. అంతలో అరటిపండ్లు అమ్ముకొను ఒక ముసలమ్మ గంప దించి, బాలునికి అడ్డముగా నిలిచి, "చాలు నాయనా, పిల్లవాడు చచ్చిపోతాడు. తప్పుచేస్తే పోలీసులకు అప్పగించండి" అన్నది. ఎత్తిన చేతులు దిగినవి. మేము మా బస్సెక్కి వచ్చేసితిమి.

మేము ఎవరినీ కొట్టలేదు గదా అని మనస్సును సమాధానపరచుకొంటిమి. స్తెఫనును రాళ్లతో కొట్టినప్పుడు సౌలు రాయి విసరినట్లు వ్రాయబడలేదు; సాక్షుల వస్త్రములు అతని పాదములయొద్ద ఉన్నవి. అయినను తరువాత పౌలుగా మారిన ఆయన, నేనును అక్కడ నిలిచి సమ్మతించితినని తానే ఒప్పుకొనెను. ఊరకే నిలుచుట కూడ ఒక పక్షమున నిలుచుటయే.

అట్లని ప్రతి తగవులోను తలదూర్చవలెనా? అట్టివాడు కుక్క చెవులు పట్టుకొనినవానివంటివాడని సామెతల గ్రంథము హెచ్చరించుచున్నది. నిర్గమకాండము 2వ అధ్యాయములో మోషే మూడుసార్లు కలుగజేసికొనెను. మొదట కోపముతో ఐగుప్తీయుని చంపి ఇసుకలో దాచెను. రెండవసారి ఇద్దరు హెబ్రీయుల పోరులో తీర్పు చెప్పబోగా, నీకు ఈ అధికారమెక్కడిదని అన్యాయము చేసినవాడు త్రోసివేసెను. మూడవసారి మిద్యాను బావియొద్ద కాపరులు తోలివేయుచున్న ఆడపిల్లల పక్షమున నిలిచి, వారి మందకు నీళ్లు చేదిపోసెను. అక్కడ పగతీర్చుకొనలేదు, తీర్పు తీర్చలేదు. బలహీనులకు అండగా నిలిచి, వారికి కావలసిన పని చేసెను. మనకు మాదిరి ఇదియే.

అందరికిని ఒకే బలముండదు. పౌలును చంపుటకు నలుబదిమందికి పైగా ఒట్టు పెట్టుకొనినప్పుడు, ఆయన మేనల్లుడు కత్తి పట్టలేదు; కోటలోనికి పోయి వార్త చెప్పెను. ప్రాణము దక్కెను. మనమును 112కు ఫోను చేయవచ్చును. నలుగురిని కేకవేయవచ్చును. దెబ్బతిన్నవానికి నీళ్లిచ్చి ఆసుపత్రికి చేర్చవచ్చును. పిలిచినప్పుడు చూచినది చూచినట్లు సాక్ష్యము చెప్పవచ్చును. ఇవన్నియు చేతికందిన పనులే. ఆ దినమున మేము వీటిలో ఒక్కటియు చేయలేదు.

ఆ బాలుడు దొంగయో కాదో మాకు నేటికిని తెలియదు. అది తెలిసికొనిన తరువాతనే జాలిపడుదమనుకొనుట మా తప్పు. రాబోవు దినములలో మన సంఘస్థులు వీధిలో నిలిచినచోట బలహీనునికి కొంచెమైనను ధైర్యము కలుగునట్లు ప్రభువు మనలను దిద్దును గాక. ఆమేన్.