పిస్తోలును ఎన్నుకొనుట

గార్లనుండి ఒక ఉపాధ్యాయుడు వ్రాసిన ఉత్తరము నా యెదుట నున్నది. ఆయన కుమార్తె కళాశాలలో ఎన్.సి.సి.లో చేరి, .22 రైఫిలుతో గురికొట్టి, తోటివారిలో మొదటిదిగా నిలిచినదట. ఇప్పుడామెకు పిస్తోలు పోటీలలో పాల్గొనవలెనని కోరిక. ఆ యింటనే ఆయన బావమరదియు నున్నాడు. ఆయన వ్యాపారి. రాత్రి దుకాణము కట్టివేసి డబ్బుసంచితో ఒంటరిగా ఇల్లు చేరువాడు. ఆయనకును ఒక పిస్తోలు కావలెనట. "ఇద్దరికిని పనికివచ్చు పిస్తోలు ఒక్కటి చెప్పుడు, దానికి ఎన్ని మేగజైనులు కొనవలెనో కూడ తెలుపుడు" అని ఆ ఉపాధ్యాయుని కోరిక.

అట్టి పిస్తోలు లేదు. పోటీకి పనికివచ్చునది నడుమున కట్టుకొని తిరుగుటకు పనికిరాదు. నడుమునకు తగినది పోటీలో నిలువదు. పైగా ఒకరి లైసెన్సుపై నున్న ఆయుధమును మరియొకరు తమదిగా మోసికొని తిరుగుటకు చట్టమొప్పదు. కనుక ఇవి రెండు ప్రశ్నలు. మొదట అమ్మాయి సంగతి చూతము.

ఆమె మొదలిడవలసినది గాలి పిస్తోలుతో. దీనికి తూటా లేదు, మందు లేదు. గొట్టము క్రింద నుండు సిలిండరులోని వత్తిడి గాలి 4.5 మిల్లీమీటర్ల సీసపు గుళికను తోయును. గుళికలను ఒక్కొక్కటిగా చేతితో పెట్టవలెను గనుక మేగజైను బాధయే లేదు. ఇరువది జౌళ్ల శక్తికి లోబడిన 4.5 మిల్లీమీటర్ల గాలి ఆయుధమునకు మన దేశమున లైసెన్సు అక్కరలేదు. పోటీ పిస్తోలు శక్తి దానికి చాల దిగువన నుండును. దూరము 10 మీటర్లు. లక్ష్యపు నడుమ పదిపాళ్ల వలయము అడ్డకొలత పదకొండున్నర మిల్లీమీటర్లు, అనగా చొక్కా గుండీయంత. ఒక్క చేతితోనే పట్టవలెను; రెండవ చేయి తాకరాదు, పిడి మణికట్టునకు ఆసరా కారాదు.

కొనునప్పుడు చాలమంది పేరు చూతురు. నేను ముందు పిడి చూడుమందును. కన్నులు మూసికొని పిస్తోలెత్తి, లక్ష్యమువైపు చాచి, కన్నులు తెరచినప్పుడు ముందు గురి వెనుక గురి నడుమ తనంత తాను నిలిచినచో ఆ పిడి మీ చేతిది. నిలువనిచో కొయ్యపిడిని ఆకురాయితో అరగదీయించి సరిచేసికొనవచ్చును. గట్టి ఆటగాండ్రందరును చేయు పనియే యిది. తరువాత బరువు. నియమము 1500 గ్రాములవరకు ఒప్పును గాని, పదునెనిమిదేండ్ల పిల్ల మొదటనే అంత బరువు మోయనక్కరలేదు. పోటీలో గాలి పిస్తోలు మీటకు కనీసము 500 గ్రాముల లాగుడుండవలెను. బరువు తగిలించి పరీక్షింతురు. సిలిండరుపై తయారైన సంవత్సరము చూడుడు. పదేండ్లు దాటినదానిని పోటీలో వాడనీయరు. వాడిన పిస్తోలును చవుకగా కొనువారు మోసపోవునది ఇచ్చటనే.

యంత్రమెంత ఖరీదైనదైనను ఎప్పుడో యొకప్పుడు మొరాయించును. 2021 జులైలో టోక్యో ఒలింపిక్సులో 10 మీటర్ల పోటీ నడుమ మను భాకర్ పిస్తోలు ఎలక్ట్రానిక్ భాగము చెడి, విలువైన నిమిషములు పోయినవి. ఆమెకు 575 వచ్చినది. ఫైనలుకు కావలసినది 577. ఆమెయే 2024లో పారిసులో రెండు కాంస్యములు గెలిచినది.

మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ గచ్చిబౌలి రేంజిలో మొదలిడి, 2018లో పదుమూడేండ్ల వయసున గాలి పిస్తోలులో జాతీయ విజేత అయినది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్తోలులో జట్టుతో స్వర్ణమును, మరి మూడు రజతములను తెచ్చినది. ఆమె కూడ ముందు గాలి పిస్తోలుతో పేరు తెచ్చుకొని, పిమ్మట 25 మీటర్లలోను నిలిచినది. ఆ రెండవ మెట్టునొద్దనే మేగజైను మన కథలో ప్రవేశించును.

ఇరువదియైదు మీటర్ల పిస్తోలు .22 తూటాది. బరువు 1400 గ్రాములు మించరాదు. మీటకు కనీసము కిలో లాగుడు. స్త్రీల పోటీలో మొదట 30 గుండ్లు, అయిదేసి చొప్పున, ఒక్కొక్క అయిదింటికి అయిదు నిమిషములు. తరువాత 30 గుండ్లు వేగముగా: లక్ష్యము మూడు సెకండ్లు కనబడును, ఏడు సెకండ్లు మాయమగును, కనబడినప్పుడెల్ల ఒక్క గుండు. మేగజైనులో ఎన్ని పట్టినను పెట్టవలసినవి అయిదే. కనుక ఎక్కువ పట్టు మేగజైను కొరకు వెదకుట వృథా. అమెరికాలో కదలుచు కాల్చు పోటీలలో పెద్ద మేగజైనులకు విలువ గలదు. అక్కడనున్న మన తెలుగువారు కొందరు వానిని కొనుచుందురు. అయితే కాలిఫోర్నియా వంటి రాష్ట్రములలో 10 మించి పట్టు మేగజైనుల అమ్మకము చట్టవిరుద్ధము.

మేగజైనన నొక రేకు పెట్టె, అడుగున స్ప్రింగు, దానిపై తూటాల నెత్తు చిన్న పలక, పైన లోపలికి వంగిన రెండు పెదవులు. పిస్తోలు చెడినదని మనము తిట్టునప్పుడు చాలసార్లు తప్పు ఆ పెదవులదే. సిమెంటు నేలపై ఒకసారి పడినచో కంటికి కనబడనంత వంగును. అది చాలును, తూటా ముక్కు పైకో క్రిందికో పోయి గొట్టపు నోట తట్టుకొనును. .22 తూటాకు మరియొక జబ్బు గలదు. దాని అడుగున అంచు బయటికి పొడుచుకొని యుండును. నింపునప్పుడు పైతూటా అంచు క్రిందితూటా అంచునకు ముందుండవలెను. వెనుక బడెనా, రెండును ఒకదానికొకటి తగులుకొని కదలవు. కావున తొందరపడక ఒక్కొక్కటి సరిచూచి నింపవలెను.

నా స్వానుభవ మొకటి. చాల యేండ్ల క్రిందట ఒక పోటీలో వేగపు వరుస నడుమ నాల్గవ గుండు పేలలేదు. నియమమేమనగా, పిస్తోలు మూతి లక్ష్యమువైపే ఉంచి, రెండవ చేయి పైకెత్తి, అధికారి వచ్చువరకు కదలకుండ నిలువవలెను. తప్పు యంత్రముదైనచో మరల అవకాశమిత్తురు. నేనట్లు నిలువక, కంగారున పిస్తోలును తెరచి చూచితిని. తెరచినవానికి అవకాశము లేదు. పోయిన పాళ్లు పోయినవి. ఇంటికి వచ్చి చూడగా నా మూడు మేగజైనులలో ఒకదాని పెదవి వంగియున్నది. అది ముందురోజే రెండుసార్లు మొరాయించినది. గుర్తు పెట్టుకొనకపోవుట నా లోపము.

అప్పటినుండి ప్రతి మేగజైనుపైనను అంకె గీయుదును. ఏది ఎప్పుడు మొరాయించినదో చిన్న పుస్తకములో వ్రాయుదును. రెండు రకముల తూటాలతోను మొరాయించినచో దానిని అభ్యాసమునకు కూడ ఉంచను. లోపల నూనె పోయరాదు. నూనె మసిని పట్టి జిగురగును. తూటాను కూడ చెరచును. పొడిగుడ్డతో తుడిచిన చాలును. మూడు మంచి మేగజైనులున్న, ఆటగానికి అంతకు మించి వలదు. అన్నియు ఆ పిస్తోలు చేసినవారివే యగుట మేలు.

అయితే ఈ రెండవ మెట్టునకు లైసెన్సు కావలెను. ఇరువదియొక యేండ్లు నిండనివారికి శిక్షణలో, పర్యవేక్షణ క్రింద మాత్రమే తుపాకి పట్టు వీలుండును. ఆ అమ్మాయి తొందరపడనక్కరలేదు.

ఇక బావమరదిగారి ప్రశ్న. అంతర్జాల పత్రములలో ఆయన చూచిన 9 మిల్లీమీటర్ల పిస్తోళ్లు మన దేశమున సామాన్యునికి నిషిద్ధములు. 1959 ఆయుధముల చట్టము క్రింద ఆత్మరక్షణకు దొరకునది సాధారణముగా .32 పిస్తోలు గాని రివాల్వరు గాని. కాన్పూరు కర్మాగారము 2014లో తెచ్చిన 'నిర్భీక్' అట్టి తేలిక రివాల్వరే. 2016 వరకు ఖమ్మము జిల్లాలోనుండి, ఆ యేట మహబూబాబాదు జిల్లాలో చేరిన గార్లవారు దరఖాస్తు పెట్టుకొనవలసినది ఈ జిల్లా అధికారికే. పోలీసు విచారణ జరుగును. భద్రతా శిక్షణ పొందవలెను. లైసెన్సు వచ్చినను ఆయుధమును ఒరలోనే ఉంచవలెను, బహిరంగముగా త్రిప్పరాదు. ఎన్నికలు వచ్చినప్పుడు ఠాణాలో అప్పగించుమని ఉత్తరువు రావచ్చును. లైసెన్సు లేక నాటు పిస్తోలు దాచినవానికి 2019 సవరణ పిమ్మట శిక్ష రెండేండ్లనుండి అయిదేండ్లవరకు.

రెండింటిలో ఏది? నెలకొకసారియైనను కాల్చి అభ్యసింపని వానికి రివాల్వరు నయమందును. దానికి మేగజైను లేదు. పెదవుల గొడవ లేదు. చక్రము తెరచిన, తూటాలున్నవో లేవో పసివానికైనను కనబడును. పిస్తోలు అట్లు కాదు. మేగజైనును లాగివేసినంత మాత్రమున పిస్తోలు ఖాళీ కాదు. గొట్టపు మొదట ఒక తూటా నిలిచియుండవచ్చును. 'మేగజైను తీసితిని, భయము లేదు' అని బల్లపై పెట్టిన పిస్తోలు ఇంటివారిని చంపిన సంగతులు ప్రపంచమంతటను గలవు. మేగజైను తీసి, పైభాగము వెనుకకు లాగి, వెలుతురున గొట్టపు నోటిలోనికి కంటితో చూచి, వ్రేలితో తడవి, అప్పుడే ఖాళీ యనవలెను. ఈ క్రమము తారుమారైనచో, అనగా ముందు లాగి తరువాత మేగజైను తీసినచో, లోపల మరియొక తూటా చేరియేయుండును.

అసలు ఆయనకు పిస్తోలే కావలెనా? చీకటిలో వెనుకనుండి ఒకడు సంచి పట్టి లాగినప్పుడు, ఒరనుండి తీసి, గురి చూచి, ప్రక్కనున్నవారికి తగులకుండ కాల్చుటకు రేంజిలో యేండ్ల తరబడి చేయి తిరిగినవారికే సందేహము. ఆ పిస్తోలు సంచితోపాటు దొంగ చేతికి పోవుటయు సులభమే. పగటిపూటనే డబ్బు బ్యాంకులో కట్టుట, రాత్రి వచ్చునప్పుడు తోడొకరిని పిలుచుకొనుట, సెల్‌ఫోనులో చెల్లింపు తీసికొని సంచి బరువే తగ్గించుట, వీనికి లైసెన్సు వలదు. ఇవన్నియు చేసి, అప్పటికిని ప్రాణభయము నిజముగా నున్నచో దరఖాస్తు పెట్టుకొనుమందును.

ఇంతవరకు ఉపాధ్యాయునికి ముందే జాబు వ్రాసితిని. పాఠశాల వసారా 10 మీటర్లున్నచో, సెలవు దినమున, చివర మందమైన కొయ్యపెట్టెలో గుడ్డపేలికలు కుక్కి, దాని వెనుక గోడ యుండునట్లు చూచి, ఎవరును అడ్డురాని తావున, తాము ప్రక్కన నిలిచి అమ్మాయిచేత అభ్యాసము చేయింపవచ్చునంటిని. నెలకొకమారు రైలెక్కి వరంగల్లు మీదుగా హైదరాబాదు వచ్చి రేంజిలో గురువునకు చూపవలెనంటిని. ఆయన మరల వ్రాసినారు. బావమరది సంగతి ఆ జాబులో లేదు. ప్రధానోపాధ్యాయుని అనుమతి తీసికొని వసారాను టేపుతో కొలిచితిమనియు, పదకొండు మీటర్లున్నదనియు మాత్రమున్నది.